తోకకు బుద్ధి చెప్పిన చేప

పోయిన నెల మా ఆఫీసులో రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. భోజనాలయ్యాక సెషన్. సగం మందికి కళ్లు మూతలు పడుతున్నాయని కనిపెట్టిన ట్రైనర్ లైట్లు తీయించి ఒక వీడియో వేశాడు. నీలంగా సముద్రం. దాని మీద రెక్కలు చాపుకుని దూసుకుపోతున్న ఒక చేప. అటూ ఇటూ కాస్త ఊగుతుంది, కిందికి దిగుతుంది, ఇక పడిపోయిందిలే అనుకునేసరికి తోకతో నీళ్ల మీద ఒక గీత గీసి మళ్లీ లేస్తుంది. ఎంతసేపటికీ నీళ్లలో పడదు. నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. ట్రైనర్ వీడియో ఆపి, చేతులు రెండూ చాపి అన్నాడు: "చేపలన్నీ సముద్రమే లోకం అనుకున్నాయి. ఈ ఒక్క చేప ఆకాశాన్ని కలగంది. అందుకే దానికి రెక్కలొచ్చాయి!"

చప్పట్లు. నేనూ కొట్టాను. పక్కవాళ్లంతా కొడుతుంటే మన చేతులు ఊరుకోవు కదా.

కానీ ఆ మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది. అలాంటి చేపను నేనొకసారి చేతుల్లో పట్టుకున్నాను. పదేళ్ల కిందటి మాట. సరుకులతో పాటు కొద్దిమంది ప్రయాణికుల్ని కూడా ఎక్కించుకునే చిన్న ఓడలో వెళ్తున్నాను. నిద్రపట్టక తెల్లవారుజామున డెక్కు మీద నిలబడితే, తడిగుడ్డ విసిరికొట్టినట్టు చప్పుడైంది. చూస్తే కాళ్ల దగ్గర చేప. దాని సంగతి మళ్లీ చెబుతాను. ఆ పూట నా వేళ్లకు తెలిసిన వణుక్కీ, మా ట్రైనర్ చెప్పిన కలకీ ఎక్కడా పొంతన కుదరడం లేదు. ఎగిరే చేప ఆకాశం కోసం ఎగరదు. ప్రాణం మీదికొచ్చి ఎగురుతుంది. మనుషులైతే కాళ్లకు బుద్ధి చెబుతారు. కాళ్లు లేవు కాబట్టి అది తోకకు చెబుతుంది. ఈ సంగతి పక్కనపెట్టి దానికి ఆశయాలు అంటగడితే ఆ చేపలో చూడాల్సినవేవీ మనకు కనబడవని నా గొడవ.

ఎగరడమా, జారడమా

ముందు ఇంకో గొడవ తీర్చేయాలి. మర్నాడు టీ తాగుతూ నేను ఈ విషయం ఎత్తగానే మా టీములో ఒకాయన అడ్డం పడ్డాడు. "అసలది ఎగరదండీ. ఉత్త గ్లైడింగ్. రెక్కలాడించదు. పేరే తప్పు" అన్నాడు. ఇలా దిద్దేవాళ్లు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. చాలాసార్లు ఆ ఒకరు నేనే.

ఆయన చెప్పింది నిజమే. ఎగిరే చేప రెక్కలాడించదు. పాతకాలంలో ఓడ ప్రయాణికులు ఈ విషయం మీద తెగ వాదించుకున్నారు. కొందరు రెక్కలు కొట్టుకోవడం కళ్లారా చూశామన్నారు, కొందరు అబ్బే అన్నారు. వాదన తేల్చింది ఫొటో. 1941లో హెరాల్డ్ ఎడ్జర్టన్, చార్లెస్ బ్రెడర్ అనే ఇద్దరు అమెరికన్లు అతివేగంగా మెరిసే ఫ్లాష్‌తో ఎగురుతున్న చేపల్ని ఫొటోలు తీసి ప్రచురించారు. రెక్కలు బిగదీసినట్టు చాచి ఉన్నాయి, అంతే. మరి చూశామన్నవాళ్లు అబద్ధం చెప్పారా? లేదు. లేచే ముందు తోక నీళ్లలో విపరీతంగా కొట్టుకుంటుంది. ఆ అదురుకు ఒళ్లంతా ఊగి రెక్కలు కూడా వణుకుతాయి. దూరం నుంచి చూసే కంటికి అది రెక్కలాడించినట్టే ఉంటుంది.

అయినా "ఉత్త గ్లైడింగ్" అన్నదాంట్లో ఆ "ఉత్త" నాకు నచ్చదు. మన భాషలో ఎగరడానికి రెక్కలాడించాలన్న షరతు ఎప్పుడుంది? జెండా ఎగురుతుంది. గాలిపటం ఎగురుతుంది. దుమ్ము ఎగురుతుంది. గోడ మీంచి ఎగిరి దూకుతాం. మార్కులొస్తే ఎగిరి గంతేస్తాం. ఇన్నింటికి లేని అభ్యంతరం పాపం చేప దగ్గరికొచ్చేసరికి ఎందుకు? పైగా మన "ఎగురు"లో గెంతడమూ ఉంది, గాలిలో సాగడమూ ఉంది. ఈ చేప చేసేది ఆ రెంటికీ మధ్యలో ఏదో. మనవాళ్లు దానికోసమే ఆ క్రియను తయారుచేసి పెట్టినట్టుంది. "ఎగిరే చేప" అన్న పేరు మార్చాల్సిన పనేమీ లేదు.

ఇప్పటి శాస్త్రీయ నామం వెనకున్న కథ కన్నా మన పేరే నయం. ఎక్సోసీటస్ అనే గ్రీకు మాటకు బయట పడుకునేది అని అర్థం. ఈ చేప రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి నిద్రపోతుందని పాతకాలం వాళ్ల నమ్మకం. పొద్దున్నే పడవల్లో పడి ఉన్నవాటిని చూసి అనుకుని ఉంటారు. తెల్లారేసరికి చచ్చిపడి ఉన్నదాన్ని నిద్రపోతోందనుకున్నవాళ్లూ, పారిపోతున్నదాన్ని కలగంటోందనుకున్న మా ట్రైనరూ ఒక బాపతే అనిపించింది నాకు.

ఇంజిను కిందుంది

ఈ చేపను చూడగానే కళ్లు రెక్కల మీదికే వెళ్తాయి. నా కళ్లూ అంతే. కానీ పనంతా చేసేది తోక.

ఎగిరే చేప తోక రెండు పాయలూ సమానంగా ఉండవు. కింది పాయ పొడుగు. ఓ కత్తెరలో ఒక అంచు మాత్రం పెరిగిపోతే ఎలా ఉంటుందో అలా. అలా ఎందుకుందో లేచే తీరు చూస్తే తెలుస్తుంది. చేప ముందుగా రెక్కల్ని ఒంటికి అతుక్కునేలా ముడుచుకుని నీళ్లలో సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి దూసుకొస్తుంది. తల బయటికొస్తుంది, ఒళ్లు బయటికొస్తుంది, రెక్కలు విచ్చుకుంటాయి. తోక కింది పాయ మాత్రం ఇంకా నీళ్లలోనే ఉంటుంది. అప్పుడు మొదలవుతుంది అసలు పని. ఆ పాయ సెకనుకు 50 నుంచి 70 సార్లు అటూ ఇటూ కొడుతుంది. ఒళ్లు గాలిలో, ఇంజిను నీళ్లలో. రన్‌వే మీద విమానంలా కొన్ని మీటర్లు అలా పరుగెత్తి, వేగం సెకనుకు 15 నుంచి 20 మీటర్ల దాకా పెంచుకుని, అప్పుడు తోక కూడా పైకి లాక్కుంటుంది.

గాలి కన్నా నీరు దాదాపు 800 రెట్లు చిక్కన. ఆ చిక్కదనాన్ని తొక్కిపట్టి తోస్తేనే ముందుకు బలం. అదే చిక్కదనంలో ఒళ్లంతా ఉంటే అడుగడుగునా అడ్డం. అందుకే తొయ్యాల్సిన అవయవాన్ని నీళ్లలో ఉంచి, అడ్డం తగిలే ఒంటిని గాలిలోకి తీసేస్తుంది. రెండు లోకాల్లో ఏది దేనికి పనికొస్తుందో అది వాడుకోవడం. నన్నడిగితే అది గాలిలో తేలే క్షణం కన్నా ఈ ఒక్క క్షణమే గొప్పది. వీడియోల్లో ఇదే తెగిపోతుంది. కెమెరా తిప్పేసరికి చేప అప్పటికే పైన ఉంటుంది.

వీటిలో రెండు రెక్కలవీ ఉన్నాయి, నాలుగు రెక్కలవీ ఉన్నాయి. ఎక్సోసీటస్ రకాలకు పక్కవాజాలు మాత్రమే పెద్దవి. సిప్సెల్యూరస్ లాంటి వాటికి పొట్ట కింది వాజాలు కూడా రెక్కల్లా పెరుగుతాయి. వెనక రెక్కలు విప్పితే తోక తేలిగ్గా నీటి నుంచి లేస్తుంది. అన్నీ కలిపి ఓ 70 రకాల దాకా ఉంటాయి. ఒక్క ఊపుకు 50 మీటర్లు మామూలు. దిగుతూ మళ్లీ తోక ముంచి కొట్టుకుంటూ పోతే 400 మీటర్ల దాకా కూడా సాగుతుంది.

మాకు చూపించిన వీడియో అలా సాగిందే. 2008లో జపాన్‌లోని యకుషిమా దీవి దగ్గర ఫెర్రీ మీద నుంచి ఎన్‌హెచ్‌కే టీవీ వాళ్లు తీశారు. 45 సెకన్లు. ఆ 45 సెకన్లలో తోక ఎన్నిసార్లు నీటిని తాకిందో లెక్కపెట్టండని ట్రైనర్ మాకు చెప్పి ఉంటే, సెషన్ నిజంగా బాగుండేది. సముద్రాన్ని వదిలేసిన చేప కాదది. పదే పదే సముద్రాన్ని అడిగి బలం తెచ్చుకున్న చేప.

ఎత్తుకు పోదు కూడా. గాలి ఎగదోస్తే కొన్ని మీటర్లు లేస్తుంది గానీ, మామూలుగా నీటి మీద ఒకటి రెండు మీటర్ల లోపే. చేతగాక కాదు, అక్కడే లాభం కాబట్టి. నీటి ఉపరితలానికి దగ్గరగా సాగే రెక్కను గాలి వెనక్కి లాగడం తగ్గుతుంది. 2010లో దక్షిణ కొరియాలోని సియోల్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన హ్యుంగ్మిన్ పార్క్, హేచియోన్ చోయ్ ఎగిరే చేపల్ని పట్టి, రెక్కలు విప్పి ఆరబెట్టి, గాలి సొరంగంలో నిలబెట్టి కొలిచారు. గ్లైడింగ్ సామర్థ్యంలో ఆ ఎండిన చేపలు కొన్ని పక్షులకు తీసిపోలేదు. అడుగున నీళ్ల తొట్టె పెట్టి దాని దగ్గరికి దించితే ఇంకా బాగా పనిచేశాయి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందంటారు. ఈ చేప ఉట్టి కూడా అడగదు. గడప దాటి, గడప పక్కనే పరుగెత్తి, మళ్లీ గడప లోపలికి వస్తుంది.

ఫ్రెంచివాళ్లు తమ నౌకా విధ్వంసక క్షిపణికి ఎక్సోసెట్ అని దీని పేరే పెట్టారు. రాడార్ కంట పడకుండా సముద్రాన్ని రాసుకుంటూ పోతుంది కాబట్టి. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధనౌక షెఫీల్డ్‌ను దెబ్బతీసింది అదే. పారిపోయేదాని పేరు తీసుకెళ్లి తరుముకొచ్చేదానికి పెట్టారు. ఏంచేస్తాం. కానీ ఆ చేప విద్య ఎత్తులో లేదని పేరు పెట్టినవాళ్లకు తెలుసు.

సంకల్పబలం, 20 డిగ్రీలు

ట్రైనర్ మాటకు నా దగ్గరున్న పెద్ద అభ్యంతరం థర్మామీటరు. ఎగిరే చేపలు వెచ్చటి సముద్రాల్లోనే ఉంటాయి. పైనీరు 20 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గిన చోట అవి దాదాపు కనబడవు. కారణం కండరం. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. చల్లబడిన కండరం మెల్లగా ముడుచుకుంటుంది, మెల్లగా వదులవుతుంది. సెకనుకు 50 సార్లు తోక కొట్టాలంటే కండరం వెచ్చగా ఉండి తీరాలి. లేకపోతే పరుగుకు వేగం చాలదు, వేగం చాలకపోతే లేవడం లేదు. రెక్కలు అవే, తోక అదే. నీళ్లు కాస్త చల్లబడితే చాలు, అది మామూలు చేపే. కలగన్నందుకు రెక్కలొచ్చాయంటే, మరి చలినీళ్లలో కల ఎటు పోయినట్టు?

కిందికి ఎందుకు పోదు?

ఇదంతా మా మేనల్లుడికి చెప్పాను. ఆరో తరగతి. శ్రద్ధగా విని, చివర్లో నా వాదనకు ఎసరు పెట్టాడు. "మామయ్యా, భయమేస్తే కిందికి పోవచ్చు కదా? సముద్రం అంత లోతుంది. పైకే ఎందుకు?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. జవాబు కోసం రెండు రోజులు పుస్తకాలూ పేపర్లూ తిరగేశాను. నాకు కుదిరిన జవాబు ఇది.

నడి సముద్రంలో దాక్కోవడానికి ఏమీ ఉండదు. రాయి లేదు, నాచు లేదు, బురద లేదు. వెంటపడేది డొరాడో, ట్యూనా, మార్లిన్ లాంటి పెద్ద వేట చేపలు. లోతుకు పోతే అవీ లోతుకే వస్తాయి. ఎటు పోయినా నీళ్లే, నీళ్లలో ఎటు పోయినా వాటిదే రాజ్యం. వాటిది కానిది ఒక్కటే ఉంది, పైకప్పు.

ఆ పైకప్పుకు ఒక గుణముంది. నీళ్లలోంచి పైకి చూస్తే నెత్తిమీద సుమారు 97 డిగ్రీల వెడల్పున ఒక గుండ్రటి కిటికీలోంచి మాత్రమే బయటి ప్రపంచం కనిపిస్తుంది. ఆ గుండ్రం అవతల నీటి ఉపరితలం అద్దంలా మారి కింది నీళ్లనే చూపిస్తుంది. కాంతి వంగే తీరు వల్ల అంతే. కాబట్టి ముందు పరుగెడుతున్న చేప ఒక్కసారిగా పైకి లేచి ఏటవాలుగా సాగిపోతే, వెనకున్న డొరాడోకు అది అద్దంలోకి దూరి మాయమైనట్టే. పైన ఎగిరే చేపకు గాలి ఆపేది తక్కువ, వేగం ఎక్కువ. కాస్త దిశ మార్చుకునే వీలూ ఉంది. ఎక్కడ దిగుతుందో కిందున్నవాడికి లెక్క దొరకదు. చాలాసార్లు దొరకదు అనాలి. నీటి కింద డొరాడో అదే వరసలో వెంటాడుతూ వచ్చి, సరిగ్గా చేప దిగే చోట నోరు తెరుచుకుని ఉండటం చూశామని నావికులు చెబుతారు. పైన మాత్రం సుఖమా? ఫ్రిగేట్ పక్షులు, బూబీల లాంటి సముద్రపు పక్షులు కాచుకుని ఉంటాయి. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు.

ఆ కాస్త సేపట్లో కూడా తానెటు పోతోందో అది చూసుకోగలదు. మామూలు చేప కన్ను గాలిలో పనికిరాదు, నీళ్లలో కళ్లు తెరిస్తే మనకు మసకబారినట్టు. కొన్ని ఎగిరే చేపలకు కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, గుండ్రంగా కాకుండా చదునైన ముఖాలతో పిరమిడ్‌లా ఉంటుంది. చదును కాబట్టి నీరైనా గాలైనా చూపు మరీ చెడదు.

మావాడికి అద్దం కిటికీ బాగా నచ్చింది. మర్నాడు బకెట్‌లో తలపెట్టి చూడబోయి వాళ్లమ్మ చేత తిట్లు తిన్నాడు. ఆ తిట్లలో నా వాటా నాకు ఫోన్‌లో అందింది.

నా వాదనలో చిల్లులు

ఇప్పుడు ఎదుటివైపు. నేను ఇంత గట్టిగా "భయం, భయం" అంటున్నాను కదా, దానికి అడ్డొచ్చే సంగతులు మూడున్నాయి.

ఎగిరే చేపల్ని మనుషులు చూసేది ఎక్కడి నుంచి? ఓడల మీద నుంచి. ఓడ ముక్కు నీళ్లను చీల్చుకుంటూ వస్తుంటే ఏ చేపైనా బెదురుతుంది. అంటే మనం చూసినవన్నీ మనం బెదరగొట్టినవే. ఇంటికి ఎప్పుడు పోయినా కుక్క మొరుగుతూనే ఉంటే, అది రోజంతా మొరుగుతుందనుకున్నట్టు. మనుషులెవరూ లేని నడి సముద్రంలో, వెనక ఏదీ తరమనప్పుడు అది ఊరికే ఎగురుతుందేమో. ఎవరు చూడొచ్చారు? నా దగ్గర దీనికి సరైన జవాబు లేదు.

రెండోది ఖర్చు లెక్క. గాలిలో అడ్డం తక్కువ కాబట్టి, దూరం పోవాలంటే ఈదడం కన్నా ఎగరడం చవకని వాదించినవాళ్లున్నారు. వినడానికి బాగుంది. కానీ లేచే ముందు ఆ తోక పరుగు ఉందే, దానికి వాడేది తక్షణం బలమిచ్చి తొందరగా అలసిపోయే కండరం. ఎగిరి దంచినా అదే కూలి, ఎగరకుండా దంచినా అదే కూలి అన్న సామెత ఇక్కడ ఇంకా ఘోరం. ఎగిరి దంచితే ఒళ్లు హూనం. 1994లో జాన్ డావెన్‌పోర్ట్ అనే జీవశాస్త్రవేత్త అప్పటిదాకా ఈ చేపల మీద వచ్చిన పనంతా కూర్చి సమీక్షించాడు. ఆయన మొగ్గు కూడా తప్పించుకోవడం వైపే. దాంతో నాకు కాస్త ధైర్యం వచ్చింది.

మూడోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. "భయం" అన్నది మాత్రం ఎవరి మాట? చేప కలగందని ట్రైనర్ అంటే తప్పయితే, చేప భయపడిందని నేననడం ఒప్పెలా అవుతుంది? రెండూ మన మనసుల్లోంచి తీసి దాని నెత్తిన పెట్టినవే. దీని గురించి బాగా ఆలోచించాను. చాలా చేపల మెదడు వెనక భాగంలో మౌత్‌నర్ కణాలని ఒక జత పెద్ద నాడీకణాలుంటాయి. పక్కన నీళ్లు హఠాత్తుగా కదిలితే చాలు, కొన్ని మిల్లీసెకన్లలో ఒళ్లు వంచి అవతలికి విసిరేయిస్తాయి. భయపడటానికి కూడా అక్కడ టైముండదు. కాబట్టి "భయం" అన్న మాటను సగం వెనక్కి తీసుకుంటున్నాను. "పారిపోవడం" అన్న మాటను మాత్రం వదలను. అది బయట నుంచి చూస్తే కనబడేదే, మనసు తెలియక్కర్లేదు.

పాత రాళ్లు కూడా దీన్ని బలపరుస్తాయి. చైనాలోని గ్వైజౌలో పొటానిక్తిస్ అనే ఎగిరే చేప శిలాజం దొరికింది, 2012లో దాని గురించి ప్రచురించారు. వయసు 23 కోట్ల ఏళ్లకు పైమాటే. పెద్ద పక్కవాజాలు, కింది పాయ పొడుగైన తోక. చూస్తే ఇప్పటి ఎగిరే చేపకు ముత్తాత అనిపిస్తుంది. కానే కాదు. ఆ వంశం ఏనాడో అంతరించింది, ఇప్పటి చేపలు వేరే వంశంలోంచి మళ్లీ మొదట్నుంచి ఈ విద్య నేర్చినవి. ఇప్పటివాటి దగ్గరి చుట్టాలైన సగం ముక్కు చేపలు నీళ్ల మీద గెంతుతూ, తోకతో జరజరా పాకుతూ పోవడం చూస్తే, గంతు ఎలా ఎగరడంగా సాగిందో కాస్త ఊహకందుతుంది. పొటానిక్తిస్ కాలానికి డొరాడో లేదు, ఏ పక్షీ లేదు. సముద్రంలో ఇక్తియోసార్లనే సరీసృపాలు, ఇంకా రకరకాల పెద్ద నోళ్లు మాత్రం ఉన్నాయి. రెండు వేర్వేరు వంశాలు కోట్ల ఏళ్ల తేడాతో ఒకే తోక, ఒకే రెక్క పట్టుకొచ్చాయంటే, ఇద్దరికీ ఒకే కల వచ్చిందనుకోవాలా, ఇద్దరి వెనకా ఒకటే ఆపద ఉందనుకోవాలా?

ఇంతా చేసి, మా ట్రైనర్ మీద నాకు కోపం లేదు. ఆ సెషన్ తర్వాత మా టీములో ఒకమ్మాయి, ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్న పరీక్షకు ఫీజు కట్టేసింది. ఆ వీడియో చూశాకే అనిపించిందని నాతో చెప్పింది. నేను ఈ థర్మామీటరు గొడవ ఆమె దగ్గర ఎత్తలేదు. ఎత్తి ఏం సాధిస్తాను? అయితే "వెనక తరుముకొస్తే తప్ప నువ్వూ నేనూ కూడా లేవం" అని ట్రైనర్ అని ఉంటే ఆమె ఫీజు ఇంకా ముందే కట్టేదేమోనని ఒక అనుమానం. డెడ్‌లైన్ టెన్షన్ తెలిసినవాణ్ని కాబట్టి అంటున్నాను.

నక్షత్ర పటాల్లో కూడా ఒక ఎగిరే చేప ఉంది. వోలన్స్ అంటారు. 16వ శతాబ్దం చివర దక్షిణార్ధగోళానికి వెళ్లిన డచ్చి నావికులు కైజర్, డి హౌట్‌మన్ చేసిన పరిశీలనల నుంచి పుట్టిన 12 కొత్త నక్షత్రరాశుల్లో అదొకటి. మసక చుక్కలు, చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. కానీ దాని పక్కనే ఏ రాశిని పెట్టారో చూడండి. డొరాడో. నెలల తరబడి ఓడ మీద నిలబడి ఈ చేపల్ని చూసినవాళ్ల పరిశీలన అది. దాన్ని ఆకాశంలోకి ఎక్కించినా, వెనక తరిమేదాన్ని మాత్రం మరిచిపోలేదు.

డెక్కు మీద

ఆ చేప సంగతి చెబుతానన్నాను.

జానకు కాస్త ఎక్కువ పొడవుంటుంది. వీపు ముదురు నీలం, పొట్ట వెండి. డెక్కు మీద ఎగిరెగిరి కొట్టుకుంటోంది. లాంతరులా ఒక లైటు పట్టుకుని ఓడ పనివాడొకడు వచ్చి, "ముట్టుకోండి సార్, ఏం చెయ్యదు. లైటు చూసి వస్తాయి" అన్నాడు. రెండు చేతులతో పట్టుకున్నాను. గట్టిగా ఉంది, ఒళ్లంతా ఒకే కండలాగా. బొటనవేలితో రెక్క అంచు పట్టి మెల్లగా లాగితే విసనకర్రలా విచ్చుకుంది. సన్నటి ఊచలు, వాటి మధ్య ఉల్లిపొర లాంటి పొర. అవతల నా వేలు కనబడుతోంది. వదలగానే చప్పున ముడుచుకుని ఒంటికి అతుక్కుపోయింది. మళ్లీ విప్పాను, మళ్లీ ముడుచుకుంది. తోక మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. నా మణికట్టుకు తగులుతూ టపటపా కొడుతూనే ఉంది, కింద ఇంకా నీళ్లున్నాయన్నట్టు. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. కన్ను పెద్దది.

"వేసేయండి సార్, చచ్చిపోద్ది" అన్నాడు.

రెయిలింగ్ దగ్గరికెళ్లి, కిందికి జారవిడవకుండా బలంకొద్దీ పైకి విసిరాను. గాలిలో రెక్కలు విప్పుతుందని, లైటు వెలుగులో సాగిపోతుందని, ఒక్కసారి దగ్గర్నుంచి చూద్దామని ఆశ. విప్పలేదు. రాయిలా తిరుగుతూ వెళ్లి బుడుంగున పడింది. వెలుగు పడినంత మేర నీళ్లలో ఒకసారి తెల్లగా మెరిసి కిందికి పోయింది.

"విప్పలేదేంటి?" అన్నాను.

"దెబ్బ తగిలుంటది సార్" అని లైటు ఆర్పుకుని వెళ్లిపోయాడు. నేను తెల్లారేదాకా అక్కడే నిలబడ్డాను. వేళ్లకు అంటుకున్న పొలుసులు ఆరి, బిగుసుకుని, సబ్బు పెట్టి రుద్దినా రెండు రోజులు పోలేదు.